కొయ్యపిట్ట కథ

2000 సంవత్సరంలో అమెరికాలో డెల్ఫిన్ హిరసునా అనే ఆమె తల్లి చనిపోయింది. తల్లి పోయిన తరవాత ఆమె ఇంట్లోని పాత సామానంతా సర్దుతున్నది. ఒకచోట దుమ్ము కొట్టుకుపోయిన కొయ్యపెట్టె ఒకటి కనిపించింది. మూత తీసి చూస్తే, లోపల ఉన్న చిల్లర వస్తువుల మధ్య ఒక చిట్టి పిట్ట ఉన్నది.

అది కొయ్యతో చెక్కిన పిట్ట. ఆడవాళ్ళు దుస్తులపై అలంకారంగా పెట్టుకునే పిన్ను అన్నమాట. దాని విలువ ఏ కొద్దిపాటో ఉంటుంది. ఎవరైనా అయితే దాన్ని పారేసి ఉండేవారేమో. కాని హిరసునాకు అది ఎక్కడ తయారైనదో తోచింది. ఇలాంటివి ఇంకా ఎన్ని ఇళ్ళలో, ఎన్ని అటకలమీద పడి ఉన్నాయో కదా అని ఆమె ఆలోచనలో పడింది.

నిజానికి ఇలాంటి కొయ్యపిట్టలు ఒకప్పుడు ఎన్నో తయారయాయి. రెక్కలమీది ఈకలు, ముక్కు, కళ్ళు అన్నీ ముచ్చటగా రంగులు వేసి ఉంటాయి. కాళ్ళు మాత్రం సన్నని ఇనపతీగతో చేసినవి. ఆ తీగ ఎక్కడిదో తెలిస్తే, ఈ కథ మొత్తం తెలిసినట్టే. దానికోసం మనం చాలా ఏళ్ళు వెనక్కు పోవాలి.

1880ల నుంచీ జపాను దేశం నుంచి అనేకమంది బతుకుతెరువు కోసం పసిఫిక్ మహాసముద్రం దాటి అమెరికా పడమటి తీరానికి రాసాగారు. వారు పొలాలలో కూలిపని చేశారు, రైలుమార్గాలు వేశారు, చేపలు పట్టారు. లాస్ ఏంజెలస్ నగరంలో ఒక మాజీ నావికుడు చిన్న భోజనశాల తెరిచాడు. దాని చుట్టుపక్కల కొట్లు, స్నానశాలలు, బౌద్ధాలయాలు, బడులు వెలిశాయి. ఆ పేటకు లిటిల్ టోక్యో, అంటే చిన్న టోక్యో అనే పేరు స్థిరపడింది.

ఓడలో వచ్చేవాళ్ళు వెంట తెచ్చుకోగలిగిన సామాను కొద్ది. కాని తమ చేతులలో ఉన్న విద్యను దించి రావలసిన పని లేదు గదా! అందుచేత ఆ పేటలో పువ్వులు అమర్చే కళ, టీ కాచి అతిథికి అందించే పద్ధతి, కుంచెతో అక్షరాలు రాసే విద్య, నృత్యం, సంగీతం అన్నీ బతికాయి. సంక్రాంతికి మనం మెట్లు కట్టి బొమ్మల కొలువు పెడతామే, సరిగా అలాగే వారు మార్చి 3వ తేదీన ఎర్రగుడ్డ పరిచిన మెట్లపై రాజును, రాణిని, వారి పరివారాన్ని నిలబెట్టి ఆడపిల్లల పండుగ చేసుకునేవారు. దాని పేరు హినమత్సురి.

జపాను భాషలో ఇచి, ని, సన్ అంటే ఒకటి, రెండు, మూడు. ముందుగా వచ్చిన తరంవారిని ఇస్సే అన్నారు. అమెరికాలో పుట్టిన వారి బిడ్డలు నిసే. మనమలు, మనమరాళ్ళు సన్సే. ఈ మూడు మాటలూ జ్ఞాపకం పెట్టుకుంటే ఈ కథ సులభంగా అర్థమవుతుంది.

ఇస్సేల బతుకు తేలిక కాదు. 1913లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం వారు అక్కడ సొంతాన పొలం కొనడానికి వీలులేదు. 1924లో జపాను నుంచి కొత్తవారు రావడమే ఆపేశారు. ఎన్నేళ్ళు ఉన్నా ఇస్సేలు అమెరికా పౌరులు కావడానికి 1952 దాకా వీలు కలగలేదు. వారి బిడ్డలు మాత్రం అక్కడే పుట్టారు గనక పుట్టుకతోనే పౌరులు. ఆ బిడ్డలే 1934లో లిటిల్ టోక్యోలో నిసే వీక్ అనే ఉత్సవం ప్రారంభించారు. అప్పుడు దేశమంతటా వ్యాపారాలు దిగజారి ఉన్నాయి. ఉత్సవం చేస్తే ఊళ్ళోవాళ్ళు చూడవస్తారు, కొట్లలో బేరాలు జరుగుతాయి, తమ కళలు ఎలాంటివో పొరుగువారికీ తెలుస్తుంది అని వారు అనుకున్నారు. వీధిలో వరసలు తీరి, చేతులు ఊపుతూ, అడుగులు వేస్తూ ఆడే ఒండో నాట్యం ఆ ఉత్సవంలో ముఖ్యమైనది.

ఇలా ఏడెనిమిదేళ్ళు గడిచాయి. 1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానాలు హవాయి దీవులలోని పెర్ల్ హార్బర్‌పై బాంబులు వేశాయి. జపానుకూ అమెరికాకూ యుద్ధం వచ్చింది. ఆనాటి నుంచీ అమెరికాలో జపాను మొహం కల్గిన ప్రతివాణ్ణీ శత్రువుగానే చూడసాగారు. బౌద్ధ పురోహితులను, జపాను భాష నేర్పే పంతుళ్ళను కూడా పోలీసులు పట్టుకుపోయారు.

అప్పుడు ఇంటింటా ఒక పని జరిగింది. జపాను నుంచి తెచ్చుకున్న వస్తువులు ఇంట్లో ఉంటే అనుమానిస్తారేమోనని భయపడి, చాలామంది వాటిని తామే నాశనం చేసుకున్నారు. తాత రాసిన ఉత్తరాలు పొయ్యిలో వేశారు. పుస్తకాలు, ఫోటోలు కాల్చారు. బొమ్మలను పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టారు. తల్లి తెచ్చిన కిమోనో పొయ్యిలో కాలుతూ ఉంటే చూసిన పిల్లలకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి!

ఇలా చేసినా వారి కష్టాలు తప్పలేదు. 1942 ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఒక ఉత్తరువు మీద సంతకం చేశాడు. దాని ఫలితంగా సుమారు 1,20,000 మందిని ఇళ్ళనుంచి తీసుకుపోయి శిబిరాలలో ఉంచారు. వారిలో మూడింట రెండు వంతులమంది అమెరికా పౌరులే. ఎవరిమీదా నేరం మోపలేదు, విచారణ జరగలేదు. చేతులతో మోసుకుపోగలిగినంత సామాను మాత్రమే తీసుకుపోవచ్చునన్నారు. ఇల్లు, కొట్టు, పొలంలో పంట, పెంపుడు కుక్క, అన్నిటినీ వదలి వెళ్ళవలసివచ్చింది.

శిబిరాలు మొత్తం పది. అందులో ఒకటి కాలిఫోర్నియాలోని మాన్‌జనార్. స్పానిష్ భాషలో మాన్‌జనార్ అంటే ఆపిలు తోట. పేరు చల్లగా ఉన్నది గాని, అది మహా ఎడారి ప్రదేశం. ఎండాకాలం మాడ్చేది, చలికాలం గడ్డకట్టించేది, గాలి లేస్తే ఇసక కళ్ళలోకీ, పక్కబట్టలలోకీ, తినే అన్నంలోకీ వచ్చి పడేది. చెక్కలపై తారుకాగితం కొట్టిన పొడుగాటి కొట్టాలలో సుమారు 10,000 మంది నివసించారు. చుట్టూ ముళ్ళతీగ కంచె. కావలి బురుజులపై తుపాకులు పట్టుకున్న సిపాయిలు.

జపాను భాషలో గమన్ అని ఒక మాట ఉన్నది. భరించరాని దాన్ని కూడా ఓర్పుతో, మర్యాద చెడకుండా భరించటం అని దాని అర్థం. గమన్ అంటే చేతులు ముడుచుకు కూర్చోవటం కాదు. ఆ శిబిరాలలోని వారు ఏం చేశారో చూడండి.

ముందుగా వారికి కుర్చీలు లేవు, బల్లలు లేవు. కట్టడాలలో మిగిలిపోయిన చెక్కముక్కలు ఏరితెచ్చి వాటితోనే కుర్చీలు, బల్లలు, అరలు చేసుకున్నారు. తరవాత చేతికి దొరికిన వస్తువునల్లా అందంగా మార్చటం మొదలుపెట్టారు. టూలీ లేక్, టోపజ్ అనే శిబిరాలు ఒకప్పుడు నీరున్న చోట కట్టినవి. అక్కడ నేలను తవ్వితే చిన్న చిన్న గుల్లలు దొరికేవి. ఆడవాళ్ళు వాటిని జల్లెడ పట్టి, కడిగి, తెల్లగా చేసి, పరిమాణం ప్రకారం వేరుచేసి, గోళ్ళ రంగు పూసి పువ్వుల పిన్నులు అతికేవారు. పువ్వులు అమర్చే కళ నేర్పటానికి గురువులున్నారు, ఎడారిలో పువ్వులే లేవు. అందుచేత కాగితంతో పువ్వులు చేశారు, ఎడారి పొదల కొమ్మలు కోసి తెచ్చారు. చనిపోయినవారి మీద ఉంచటానికి కూడా ఆ కాగితపు పువ్వులే గతి అయ్యాయి.

ఇక కొయ్యపిట్టలు! పాత పత్రికలలో అచ్చయిన పక్షుల బొమ్మలు చూసి, చెక్కముక్కలను కత్తితో చెక్కి, నునుపు చేసి, రంగులు వేసేవారు. వెనక పిన్నీసు అతికేవారు. కాళ్ళకు తీగ కావాలి. అంగడి లేదు, కొనే డబ్బూ లేదు. కొట్టాల కిటికీలకు పురుగులు రాకుండా ఇనపజాలీ బిగించి ఉన్నది. దాన్ని బిగించేటప్పుడు అంచుల వెంట కత్తిరించి పారేసిన తీగముక్కలున్నాయి. వాటినే ఏరి, వంచి, పిట్టలకు కాళ్ళు పెట్టారు. ఎవరూ బయటికి పోవటానికి వీలులేని కిటికీల తీగతో, ఎక్కడికైనా ఎగిరిపోగల పిట్టకు కాళ్ళు అమర్చారన్నమాట!

మాన్‌జనార్‌లో తోటలు కూడా లేచాయి. భోజనానికి మూడు పూటలా జనం భోజనశాల ముందు పొడుగాటి వరసలలో, ఆ ఇసకగాలిలో నిలబడవలసి వచ్చేది. నిలబడ్డవారి కళ్ళకు కాస్త చల్లగా ఉంటుందని, రాళ్ళు దొర్లించుకువచ్చి, గుంట తవ్వి నీళ్ళు నింపి, చెట్లు నాటి తోటలు వేశారు. తరవాత ఆ తోటలను ఇసక కప్పేసింది. 1992లో మాన్‌జనార్‌ను జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. అక్కడ తవ్వి చూడగా, పేర్చిన రాళ్ళు, నీటిగుంటలు పేర్చినవి పేర్చినట్టే బయటపడ్డాయి.

శిబిరాలలో తోటలు వేయాలని కలగన్న మరొక మనిషిని గురించి కూడా చెప్పుకోవాలి. ఆయన పేరు ఇసాము నొగుచి. 1904లో లాస్ ఏంజెలస్‌లోనే పుట్టాడు. తండ్రి జపాను కవి, తల్లి అమెరికను. ఆయన అప్పటికే పేరుపొందిన శిల్పి. న్యూయార్కులో ఉండేవాడు. పడమటి తీరానికి సంబంధించిన ఉత్తరువు ఆయనకు వర్తించదు. అయినప్పటికీ 1942లో ఆయన తనంతట తానే ఆరిజోనాలోని పోస్టన్ శిబిరంలోకి పోయాడు. అక్కడివారికి ఉద్యానవనాలు, ఆటస్థలాలు కట్టించాలని, చేతిపనులు నేర్పాలని ఆయన ఉద్దేశం. పటాలు గీశాడు. కాని వాటిలో ఏదీ జరగలేదు. లోపలికి పోవటం సులువే అయింది గాని బయటికి రావటం కష్టమయింది. ఏడు మాసాల తరవాత ఆయన నిరాశతో తిరిగి వచ్చాడు.

1945లో యుద్ధం ముగిసింది. శిబిరాల వాళ్ళు తిరిగి వచ్చారు. లిటిల్ టోక్యోలో వారు వదలివెళ్ళిన ఇళ్ళలో వేరేవాళ్ళున్నారు. మళ్ళీ అన్నీ మొదటినుంచి ప్రారంభించవలసివచ్చింది. చాలామంది మగవాళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో తోటపని చేసి సంసారాలు నిలబెట్టుకున్నారు. 1949లో నిసే వీక్ ఉత్సవం మళ్ళీ జరిగింది.

కాని ఒక మార్పు వచ్చింది. తల్లిదండ్రులు శిబిరాన్ని గురించి నోరెత్తేవారు కారు. జపాను వారిలాగా కనబడినందువల్లనే కదా ఇంత జరిగింది అని, పిల్లలకు జపాను భాష నేర్పటం కూడా చాలామంది మానుకున్నారు. శిబిరంలో చేసిన పిట్టలు, గుల్లల పువ్వులు పెట్టెల అడుగుకు చేరాయి. ఏ కళ అయినా ఒక తరం నేర్పకుండా ఉంటే చాలు, తరవాతి తరానికి అందదు. కంచెలో చావని కళ ఇంట్లో చచ్చిపోయే స్థితి వచ్చింది.

అప్పుడు మూడవ తరంవారు, అంటే సన్సేలు, పెద్దవాళ్ళయారు. వాళ్ళు ప్రశ్నలు అడగసాగారు. "తాతయ్యా, నువ్వు ఎక్కడినుంచి వచ్చావు? అమ్మా, యుద్ధం రోజులలో మీరు ఎక్కడున్నారు? ఈ పాట ఏమిటి? ఈ అడుగు ఎలా వేయాలి?"

వీళ్ళ ఉత్సాహం ఎలాంటిదో తెలియటానికి ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. జపానులో తైకో అనే పెద్ద ఢంకాలున్నాయి. మంచి తైకోను ఒకే పెద్ద మాను తొలిచి చేస్తారు. దాని ఖరీదు చాలా ఎక్కువ. 1969లో లాస్ ఏంజెలస్‌లోని ఒక బౌద్ధాలయంలో కొందరు యువకులు ఢంకా వాయించే బృందం ఒకటి ఏర్పరిచారు. ఖరీదైన ఢంకాలు కొనే శక్తి వాళ్ళకు లేదు. కాలిఫోర్నియాలో ద్రాక్షసారా నిలవచేసే ఓకు కొయ్య పీపాలు కావలసినన్ని ఉన్నాయి. వాటిని తెచ్చి, గీకి, నునుపు చేసి, ఢంకాలుగా మార్చారు.

ఆ పని ఎలా చేస్తారంటే: పశువు తోలును నీళ్ళలో నానవేస్తారు. మెత్తబడిన తోలును పీపా నోటిమీద పరిచి, చుట్టూ తాళ్ళు కట్టి లాగుతారు. బాగా లాగటానికి, మోటారుకారు చక్రం మార్చేటప్పుడు బండిని పైకెత్తే జాకీలను వాడతారు. తోలు బిగుసుకున్నాక చుట్టూ మేకులు కొడతారు. ఆరిన కొద్దీ తోలు ఇంకా బిగుస్తుంది. తోలు ఎంత బిగువుగా ఉంటే, దెబ్బ తగిలినప్పుడు అది అంత వేగంగా కంపిస్తుంది, అంత హెచ్చు స్థాయిలో మోగుతుంది. మన ఊళ్ళలో డప్పు వాయించేవాళ్ళు డప్పును మంట దగ్గర కాచేది కూడా ఇందుకే.

ఆ బృందానికి వాళ్ళు పెట్టుకున్న పేరు వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. దాని పేరు కిన్నర తైకో! మన పురాణాలలో గానం చేసే కిన్నరులే వీరు. బౌద్ధమతంతోపాటు ఈ మాట మన దేశం నుంచి జపాను చేరి, అక్కడినుంచి సముద్రం దాటి అమెరికాలో ఒక ఢంకాల బృందానికి పేరయింది.

సన్సేల ప్రశ్నలు, నిసేల కష్టార్జితం, ఇస్సేల విద్య, ఈ మూడూ ఒకచోట కలిసి ఒక పెద్ద పని జరిగింది. 1971లో లిటిల్ టోక్యోలో జపనీస్ అమెరికన్ కల్చరల్ అండ్ కమ్యూనిటీ సెంటర్ అనే సాంస్కృతిక కేంద్రం స్థాపించారు. డబ్బు పోగుచేసి భవనం కట్టటానికి చాలా కాలం పట్టింది. 1980లో అయిదంతస్తుల భవనం తెరిచారు. 1983లో దాని పక్కన నాటకశాల తయారయింది. రెంటికీ మధ్య ఒక విశాలమైన బయలు ఉన్నది. దాన్ని రూపొందించినవాడు ఎవరనుకుంటున్నారు? పోస్టన్ శిబిరంలో తోటలు వేయలేక తిరిగివచ్చిన ఇసాము నొగుచియే! నలభై ఏళ్ళ తరవాత, తాను పుట్టిన ఊళ్ళో, తనవారి కోసం ఆయనకు అవకాశం దొరికింది. ఆ బయలులో ఆయన రెండు పెద్ద నల్లరాళ్ళు ఉంచాడు. ఒకటి నిలబడి ఉంటుంది, ఒకటి పడుకుని ఉంటుంది. ఆ శిల్పానికి "ఇస్సేలకు" అని పేరు పెట్టాడు.

ఆ భవనాన్ని ఆనుకుని నేలమట్టానికి దిగువగా ఒక తోట ఉన్నది. పేరు సెయిర్యూ-ఎన్, అంటే తేట నీటి వాగు తోట. దీనికి రూపకల్పన చేసిన తకెయొ ఉయెసుగి తరతరాలుగా తోటలు వేసే వంశంలోనివాడు. ఈ తోటను లేపటానికి ఊళ్ళోని తోటమాలులు ఎందరో కూలి పుచ్చుకోకుండా పనిచేశారు. జీవితమంతా ఇతరుల ఇళ్ళలో తోటలు పెంచినవాళ్ళు ఇప్పుడు తమ తోట వేసుకున్నారు.

తోట పెద్దది కాదు. మొత్తం 8,500 చదరపు అడుగులు. అందులో 170 అడుగుల పొడవున ఒక వాగు పారుతుంది. మొదట అది రాళ్ళమీదినుంచి దూకుతూ, రొద చేస్తూ, మలుపులు తిరుగుతూ వస్తుంది. పోనుపోను నెమ్మదించి చివరకు నిశ్చలమైన మడుగు అవుతుంది. తరాల కథనే అలా నీటితో చెప్పారు. ముందు తరాలవారు రాళ్ళదెబ్బలు తిన్నారు, రాబోయే తరాలవారు ప్రశాంతంగా బతకాలి అని దాని భావం. 1981లో ఈ తోటకు జాతీయ బహుమానం వచ్చింది.

ఇక కేంద్రంలో ఏం జరుగుతుందో చూద్దాం. కొత్త సంవత్సరంలో పండుగ చేస్తారు. జపానువారి కొత్త సంవత్సరానికి మొచి అనే పిండివంట ఉండాలి. బంక బియ్యాన్ని ఆవిరిమీద ఉడికించి, పెద్ద రోట్లో వేసి కొయ్య సుత్తితో దంచుతారు. ఒకరు సుత్తి వేస్తూ ఉంటే, మరొకరు దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి పెట్టి ముద్దను తిప్పుతారు. ఇద్దరికీ లయ కుదరకపోతే వేళ్ళు నలుగుతాయి! మన ఇళ్ళలో అరిసెల పిండి దంచేటప్పుడు జరిగే హడావిడి అంతా అక్కడా ఉంటుంది.

మే 5వ తేదీన పిల్లల పండుగ. గుడ్డతో కుట్టిన చేపలను కర్రలకు కడతారు. గాలి నోట్లోనుంచి దూరగానే అవి ఉబ్బి, ఈదుతున్నట్టు కదులుతాయి. ఆ చేప ఏటికి ఎదురీదుతుంది గనక పిల్లలు దానిలాగా ధైర్యంగా పెరగాలని పెద్దల కోరిక. పాత వార్తాపత్రికను నాలుగైదు మడతలు పెడితే యోధుడి శిరస్త్రాణం తయారవుతుంది. పిల్లలు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు.

టీ ఇచ్చే పద్ధతి చూస్తే, ఇంత చిన్న పనికి ఇంత శ్రద్ధా అనిపిస్తుంది. టీ కాచినవారు గిన్నెలోని అందమైన వైపును అతిథివైపు తిప్పి ఇస్తారు. అతిథి వెంటనే తాగడు. గిన్నెను అరచేతిలో పెట్టుకుని, కొద్దిగా పక్కకు తిప్పి అప్పుడు తాగుతాడు. ఎందుకంటే, అంత అందమైన వైపున నోరు పెట్టటం మర్యాద కాదట. ఇచ్చేవారు తమ దగ్గర ఉన్న మంచిని ఇచ్చారు, పుచ్చుకున్నవారు దాన్ని గౌరవించారు. ఇద్దరూ నోటితో ఒక్క మాటా అనవలసిన పనిలేదు.

పువ్వులు అమర్చే కళ పేరు ఇకెబానా. దండిగా పువ్వులు కుక్కితే అది ఇకెబానా కాదు. చాలా సంప్రదాయాలలో మూడు కొమ్మలు ముఖ్యం. పొడుగుది ఆకాశం, నడిమిది మనిషి, పొట్టిది భూమి. మూడింటి మధ్యా ఖాళీ వదలాలి. ఆ ఖాళీ కూడా అందంలో భాగమే.

ఇవన్నీ జపాను వంశంవారి పిల్లలకే అనుకుంటే పొరపాటు. ఏ జాతివారైనా, ఏ రంగువారైనా రావచ్చు. నిసే వీక్‌లో ఒండో నాట్యం ఆడటానికి అసలే ఏమీ తెలియనివారిని కూడా పిలుస్తారు. ముందు కొన్ని సాయంకాలాలు అభ్యాసం చేయిస్తారు. ఉత్సవం నాడు ముసలివాళ్ళు, పసివాళ్ళు, పొరుగు పేటలవాళ్ళు అందరూ ఒకే వీధిలో ఒకే అడుగు వేస్తారు. తప్పు అడుగు పడితే పక్కవాళ్ళను చూసి సరిచేసుకుంటారు.

తమ కళను పరాయివారికి పంచితే అది కల్తీ కాదా అని కొందరు అడగవచ్చు. పీపాతో చేసిన తైకో జపానులోని తైకో వంటిది కాదు, నిజమే. కాని దాన్ని వాయించటానికి పిల్లలు వచ్చారు, వాళ్ళను చూసి ఇంకా వచ్చారు. ఈనాడు అమెరికాలో ఎన్నో ఊళ్ళలో తైకో బృందాలున్నాయి. 1942లో భయపడి దాచిన వస్తువులు చాలావరకు తిరిగి దొరకలేదు. నలుగురికీ నేర్పిన విద్య మాత్రం నలుగురి దగ్గరా ఉన్నది.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. మన ఇంటికి వచ్చి, మన తిండి తిని, మన పాట నేర్చుకున్నవాడికి మనమంటే భయం పోతుంది. 1942లో జరిగిన అన్యాయానికి మూలం భయం. 1980లో అమెరికా ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించి విచారణ చేయించింది. వందలమంది వచ్చి, అంతవరకూ కన్నబిడ్డలకు కూడా చెప్పని సంగతులు అందరి ఎదుటా చెప్పారు. ఆ శిబిరాలకు కారణం జాతి విద్వేషమూ, యుద్ధ భయమూ, నాయకుల వైఫల్యమూ అని సంఘం తేల్చింది. 1988 ఆగస్టు 10న చట్టం చేసి, ప్రభుత్వం క్షమాపణ చెప్పుకున్నది. బతికి ఉన్న ఒక్కొక్కరికి 20,000 డాలర్ల చొప్పున ఇచ్చింది. చాలామంది ఇస్సేలు అప్పటికే పోయారు.

కష్టాలు పూర్తిగా తీరాయని కాదు. నగరం పెరిగిన కొద్దీ లిటిల్ టోక్యోలో అద్దెలు పెరిగి, తరతరాల పాత కొట్లు ఒక్కొక్కటే పోతున్నాయి. 2024లో ఒక జాతీయ పరిరక్షణ సంస్థ, ప్రమాదంలో ఉన్న పదకొండు చారిత్రక స్థలాలలో ఆ పేటను చేర్చింది. వాగు ఇంకా మడుగు దాకా చేరలేదన్నమాట. అయినా పిల్లలు వస్తూనే ఉన్నారు, ఢంకాలు మోగుతూనే ఉన్నాయి.

ఇంతకూ ఆ కొయ్యపిట్ట ఏమయింది? హిరసునా ఊరూరా అడిగి, పెట్టెల అడుగున పడి ఉన్న వస్తువులను వెలికితీయించి, 2005లో "ది ఆర్ట్ ఆఫ్ గమన్" అనే పుస్తకం ప్రచురించింది. 2010లో ఆ వస్తువులను అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వారి ప్రదర్శనశాలలో ఉంచారు. రెండేళ్ళ తరవాత అవి సముద్రం దాటి జపానుకు కూడా వెళ్ళాయి. ఇస్సేలు ఏ దేశం నుంచి చేతివిద్య తెచ్చుకున్నారో, ఆ దేశంవారు ఆ చెక్కముక్కలనూ, గుల్లలనూ వచ్చి చూశారు. అటకమీది పెట్టెలలో పడి ఉన్న పిట్టలు ఆ విధంగా ఎగిరాయి.

పిల్లలూ, మీ ఇంట్లో కూడా అలాంటి పెట్టె ఒకటి ఉండవచ్చు. లేదా, మీ నాయనమ్మ చేతిలోనే ఏదో విద్య ఉండవచ్చు. ఈ సాయంకాలం ఆమె దగ్గర కూర్చుని, "ఇది ఎలా చేస్తారు? నాకూ నేర్పవా?" అని అడగండి. నేర్చుకున్న తరవాత పక్కింటివాళ్ళ అమ్మాయిని కూడా పిలవండి.